సర్కారు యూనివర్సిటీకి ఫీజెందుకు సారూ? ఒక మిర్చి రైతు కూతురి ఫీజు ఫైలు

కూతురికి సీటు ఇచ్చిన అలాట్‌మెంట్ ఆర్డర్ నా బల్ల మీద పెట్టి ఆ రైతు అడిగిన మొదటి మాట అదే. "సర్కారు యూనివర్సిటీ అంటే ఫ్రీ గదా సారూ, గీ డెబ్బై వేలేంది?"

నేను హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో పదకొండేళ్లు స్కాలర్‌షిప్ సెక్షన్ చూశాను. అది మానేశాక నయీంనగర్‌లో ఒక చిన్న గదిలో కూర్చుని పిల్లల ఫీజు ఫైళ్లు చూస్తున్నాను. ఇచ్చేవాళ్లు ఇస్తారు, లేనివాళ్లు మిర్చో పసుపో తెస్తారు. అలా చూసిన ఫైళ్లలో ఒకదాన్ని మొదటి నుంచి రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో నేను చేసిన మంచి పని ఒకటి, తప్పు ఒకటి రెండూ ఉన్నాయి. అమ్మాయి పేరు శ్రావణి అనుకుందాం, అసలు పేరు కాదు. నర్సంపేట వైపు పల్లె. తండ్రికి రెండున్నర ఎకరాలు సొంతం, ఇంకో రెండెకరాలు కౌలు, ఎక్కువగా మిర్చే. బీసీ కుటుంబం. ఇంటర్‌లో 1000కి 951. ఎంసెట్ ర్యాంకు 17 వేలు దాటింది. 2022 మాట ఇది, అప్పటికింకా తెలంగాణలో దాన్ని ఈఏపీసెట్ అని ఎవరూ అనడం లేదు. ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ సీటు వచ్చింది, కన్వీనర్ కోటాలోనే. కానీ అది సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు. యూనివర్సిటీ పేరు రాయను, అవసరం కూడా లేదు, ఇదే కథ చాలా చోట్ల ఉంది.

సెల్ఫ్ ఫైనాన్స్ అంటే ఏంటో ఆయనకు ఇలా చెప్పాను. అన్నా, పల్లెవెలుగు ఆర్టీసీదే, సూపర్ లగ్జరీ కూడా ఆర్టీసీదే, టికెట్ ఒకటేనా? ఆయన నవ్వలేదు గానీ అర్థమైంది. విషయం అంతే. రాష్ట్ర ప్రభుత్వం యూనివర్సిటీలకు ఇచ్చే గ్రాంటులో పెద్ద భాగం జీతాలకూ పింఛన్లకూ పోతుంది, కొత్త కోర్సు పెట్టాలంటే దానికి పోస్టులు మంజూరు కావు, కాబట్టి కోర్సు పెట్టి, దాని ఖర్చంతా పిల్లల ఫీజులోంచే తీస్తారు. పాఠం చెప్పేవాళ్లు చాలావరకు పార్ట్‌టైమ్, కాంట్రాక్టు వాళ్లు. రెగ్యులర్ కోర్సు ఫీజు తక్కువ ఉంటుంది, అదే క్యాంపస్‌లో పక్క బిల్డింగులో సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు ఫీజు దానికంటే చాలా ఎక్కువ ఉంటుంది. బోర్డు మీద యూనివర్సిటీ పేరు మాత్రం ఒక్కటే. "ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజులు పెరిగాయి" అని జనం అనేదాంట్లో సగం ఇదే: పాత కోర్సుల ఫీజు పెరగడం కంటే, సీట్లు మెల్లగా ఖరీదైన డబ్బాలోకి జరగడం.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టినప్పుడు దాని అర్థం సీదా సాదా: ఫీజు ఎంతైతే అంత సర్కారు కడుతుంది. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలోనే గీత గీశారు. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన) పిల్లలకు ఇంజినీరింగ్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, దాటితే 35,000 వరకే (సర్కారు బడిలో, గురుకులంలో చదివిన పిల్లల లెక్క వేరే, శ్రావణి ప్రైవేటులో చదివింది కాబట్టి అది మాకు పనికి రాలేదు). ఆ 35,000 గీత గీసినప్పుడు తక్కువ ఫీజు కాలేజీల్లో ఫీజే దాదాపు అంత ఉండేది, కాబట్టి ఎవరికీ పెద్దగా నొప్పి తెలియలేదు. 2022లో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల కనీస ఫీజునే 35,000 నుంచి 45,000 చేశారు. గీత మాత్రం ఉన్నచోటే ఉంది. అంటే ఆ ఏడాది రాష్ట్రంలో అన్నిటికంటే చౌక కాలేజీలో చేరిన బీసీ పిల్లవాడు కూడా ఏడాదికి 10,000 జేబులోంచి కట్టాల్సిందే. శ్రావణికి 70,000లో 35,000 పోతే మిగిలేది మళ్లీ 35,000. హాస్టల్, మెస్ వేరే.

అయితే మొదటి రోజు ఆర్డర్‌లో ఆ 35,000 తగ్గింపు కూడా లేదు. మొత్తం 70,000 కట్టమని ఉంది. ఎందుకా అని చూస్తే ఆదాయం సర్టిఫికెట్‌లో 1,80,000 రాసి ఉంది. బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షా యాభై వేలు, పట్టణాల్లో రెండు లక్షలు. వీళ్లది పల్లె. నేను తండ్రిని అడిగితే ఆయన కొడుకు వైపు చూశాడు, కొడుకు నేల చూశాడు. సంగతేంటంటే, అంతకుముందు శ్రావణి అన్న బండికి ఫైనాన్స్ తీసుకుంటూ, ఆదాయం కొంచెం ఎక్కువుంటే లోను తొందరగా వస్తుందని ఎవరో చెబితే మీసేవలో 1,80,000 రాయించి తెచ్చాడు. చెల్లి కౌన్సెలింగ్‌కి అదే కాగితం పట్టుకుపోయారు. ఒక హోండా బండి కాగితం ఏడాదికి 35,000 మింగబోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆదాయం తక్కువ రాయించమని నేను ఎవరికీ చెప్పను, చెప్పమని వచ్చేవాళ్లు వారానికి ఇద్దరైనా ఉంటారు. ఉన్నది ఉన్నట్టు రాయించండి అంటాను, అంతే. వీళ్ల విషయంలో ఉన్నది ఏంటంటే, అంతకుముందు చలికాలంలో నల్ల తామర పురుగు వచ్చి వరంగల్, ఖమ్మం జిల్లాల మిర్చి చేలు ఎర్రబడాల్సిన టైమ్‌లో పూతే రాలిపోయింది, వీళ్లు రెండెకరాలు దున్నేశారు. గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) దగ్గర విచారణ పెట్టుకుంటే 1,20,000 రాశారు. కొత్త సర్టిఫికెట్ కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ సెంటర్‌లో ఇచ్చి, తర్వాతి విడతలోపు రికార్డు మార్పించాం. దీనికి పన్నెండు రోజులు పట్టింది, ఆ పన్నెండు రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కౌన్సెలింగ్‌కి ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసిన సర్టిఫికెట్ అడుగుతారు, పాతది చెల్లదు, కాబట్టి ఇంటర్ పరీక్షలు అవ్వగానే కొత్తది తీసి దాచుకోండని నేను ఎంతమందికి చెప్పినా, రిజల్ట్ వచ్చాకే పరుగెత్తుతారు.

సరే, గ్యాప్ 35,000. దాన్ని ఎలా పూడ్చాలి?

నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ అడిగేది "ఎంతొస్తది సార్" అని. నేను ముందు వేరే రెండు ప్రశ్నలు రాసుకుంటాను: ఎప్పుడొస్తది, ఎవరి ఖాతాల పడ్తది. వీళ్ల ఇంట్లో డబ్బు కనపడేది ఫిబ్రవరి, మార్చిలో, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు పోయాక. కాలేజీ అడిగేది అక్టోబర్‌లో. అక్టోబర్‌లో రైతింట్లో ఉండేది మందుల అప్పు. రీయింబర్స్‌మెంట్ మన ఖాతాలో పడదు, బీసీలకు ట్యూషన్ ఫీజు కాలేజీ ఖాతాకే పోతుంది, అదీ ఎప్పుడో. బిల్లు పాసై టోకెన్ నంబర్ వచ్చి ట్రెజరీలో ఉందంటారు, ఆ టోకెన్ ఏడాది, రెండేళ్లు అలాగే ఉంటుంది. రాష్ట్రం మొత్తం మీద ఈ బకాయిలు వేల కోట్లకు చేరి ప్రైవేటు కాలేజీలు మూసేస్తామని బెదిరించే దాకా వచ్చింది, మీకు తెలిసిందే. ఆ ఆలస్యం బరువు చివరకు పడేది కోర్సు అయిపోయిన రోజు, టీసీ అడిగినప్పుడు: "మీ సర్కారు పైసలు రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చినప్పుడు ఇస్తాం."

కాబట్టి శ్రావణికి నేను వెతికింది మొత్తం ఎక్కువ ఇచ్చే పథకం కాదు, ఆమె ఖాతాలోనే పడే పథకం. ఇంజినీరింగ్ ఆడపిల్లలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు, డిగ్రీ అయితే మొదటి ఏడాదిలోనే పెట్టుకోవాలి (డిప్లొమా నుంచి వచ్చినవాళ్లు రెండో ఏడాదిలో). ఎంపిక ఇంటర్ మార్కులను బట్టి, 27 శాతం ఓబీసీలకు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో (ఎన్ఎస్‌పీ) పెట్టాలి. 951 మార్కులంటే ఆశ పెట్టుకోవచ్చు, హామీ మాత్రం లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది సెక్షన్ వాళ్లకే తెలియదు. ప్రగతి ఏఐసీటీఈ ఆమోదం ఉన్న కాలేజీలకే. ప్రైవేటు కాలేజీలన్నిటికీ ఆ ఆమోదం తప్పనిసరి, కానీ యూనివర్సిటీ సొంత కాలేజీలకు అలా కాదు. 2001లో భారతీదాసన్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు, యూనివర్సిటీలు కోర్సు పెట్టడానికి ఏఐసీటీఈ ముందస్తు అనుమతి అక్కర్లేదని చెప్పింది. అది యూనివర్సిటీ స్వేచ్ఛకు మంచిదే, కాదనను, కానీ ఆమోదం తీసుకోని సర్కారు కాలేజీలో చేరిన అమ్మాయికి ప్రగతి ఉండదు, రోడ్డుకు అవతల షెడ్డులో నడిచే ప్రైవేటు కాలేజీ అమ్మాయికి ఉంటుంది. సీటు ఒప్పుకునే ముందే ఇది చూసుకోవాలి. శ్రావణి కాలేజీ ఆమోదం తీసుకుంది, ఏఐసీటీఈ సైట్‌లో జాబితా తెరిచి కళ్లతో చూశాకే సీటు కన్ఫర్మ్ చేయమన్నాను. కాలేజీకి ఫోన్ చేస్తే "ఉండొచ్చు సార్" అన్నారు. ఉండొచ్చు అనే మాట మీద నాలుగేళ్లు నడవవు.

ఇంకో మెలిక అసలైంది. ప్రగతి తీసుకునేవాళ్లు వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. ఈపాస్ (రాష్ట్ర సర్కారు స్కాలర్‌షిప్ పోర్టల్) రీయింబర్స్‌మెంటూ ప్రగతీ రెండూ తీసుకుంటున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్లు నా దగ్గరికి వస్తే ఒకటి వదలమంటాను. ఆధార్ ఒక్కటే కదా, ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుంది, అప్పుడు తీసుకున్నదంతా వెనక్కి కట్టమంటారు. కాబట్టి ఎంచుకోవాలి. కాగితం మీద లెక్క వేశాం. ఈపాస్ దారిలో జేబులోంచి ఏడాదికి 35,000, మెయింటెనెన్స్ (హాస్టల్, మెస్ లాంటి ఖర్చులకు ఇచ్చేది) కింద చిన్న మొత్తం వెనక్కి వస్తుంది. ప్రగతి దారిలో కాలేజీకి మొత్తం 70,000 మనమే కట్టాలి, 50,000 మన ఖాతాకు వస్తాయి, జేబులోంచి పోయేది 20,000. మెయింటెనెన్స్ పోగొట్టుకున్నా లాభమే. కానీ నా దృష్టిలో పెద్ద లాభం ఆ డబ్బు కాదు. ప్రగతి దారిలో ఆమె కాలేజీకి ఒక్క రూపాయి బాకీ ఉండదు, సర్కారు కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఉండదు, సర్టిఫికెట్లు ఎవరూ పట్టుకోలేరు.

తండ్రి చాలాసేపు ఆలోచించి అన్నాడు: "గవర్నమెంటు ఇస్తనన్న పైసలు ఒద్దని రాసియ్యాల్నా? ఊళ్లె నవ్వుతరు సారూ." అది నిజంగా కష్టమైన మాట. చేతికి వచ్చేదాన్ని వదలమని రైతుకు చెప్పడం అంత సులభం కాదు, పైగా ప్రగతి వస్తుందో రాదో తెలియదు. అందుకే మధ్యే మార్గం పెట్టుకున్నాం. ముందు ఈపాస్ దరఖాస్తు కూడా పెట్టాం, మీసేవలో వేలిముద్ర వేయించి, హార్డ్ కాపీ కాలేజీలో ఇచ్చాం. ప్రగతిలో పేరు వచ్చిన రోజు ఈపాస్ రద్దు చేయమని లిఖితపూర్వకంగా ఇవ్వాలి, రాకపోతే ఈపాస్ ఉంటుంది.

అక్టోబర్‌లో కట్టాల్సిన మొదటి 35,000 తల్లి మహిళా సంఘం లోను నుంచి తెచ్చింది. అన్న అడ్తి (మార్కెట్ కమిషన్ ఏజెంటు) దగ్గర తెస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. సంఘం డబ్బు దాదాపు రూపాయి వడ్డీ, అడ్తి మూడు రూపాయలు, పైగా అడ్తి దగ్గర తెస్తే మిర్చి ఆయనకే అమ్మాలి, ఆ ధరలో పోయేది ఏ లెక్కలోనూ కనపడదు.

2023 వేసవిలో ప్రగతి జాబితాలో పేరు వచ్చింది. ఇల్లంతా పండగ. చెప్పినట్టే ఈపాస్ రద్దుకు కాగితం ఇచ్చాం. కాలేజీ వెంటనే, అయితే మిగతా 35,000 కట్టు, లేకపోతే హాల్ టికెట్ ఆపుతాం అంది. అది న్యాయమే, వాళ్లకు సర్కారు నుంచి రావాల్సింది మేమే ఆపాం కదా. ప్రగతి డబ్బు ఇవాళో రేపో వస్తుందని, ఈసారి తప్పక అడ్తిదారు దగ్గర 35,000 తెచ్చి కట్టారు. సంఘంలో పాత లోను ఇంకా తీరలేదు మరి.

నెల గడిచింది. రెండు. మూడు. రాలేదు. శ్రావణి ప్రతి ఆదివారం ఫోన్ చేసి "సర్, ఇంకా పడలేదు" అనేది, నేను ప్రతిసారీ ఢిల్లీ వాళ్లకు ఆలస్యం మామూలే బిడ్డా అనేవాణ్ని. ఇదే నా తప్పు. పదకొండేళ్ల అనుభవం ఉన్నవాణ్ని, ఆలస్యానికి ఒక కారణం అలవాటైపోయి రెండో కారణం వెతకలేదు.

ఐదో నెలలో రెన్యువల్ కోసం ఆమె వచ్చినప్పుడు, పీఎఫ్ఎంఎస్ (కేంద్రం చెల్లింపులు చూపించే) సైట్‌లో ఎన్ఎస్‌పీ చెల్లింపు ట్రాక్ చేస్తే, డబ్బు ఎప్పుడో పడినట్టు చూపించింది. బ్యాంకు పేరు చూస్తే ఆమె గ్రామీణ బ్యాంకు కాదు. ఒక పేమెంట్స్ బ్యాంకు. "నాకు అండ్ల ఖాతా లేదు సర్" అంది. ఉంది. సంక్రాంతికి కొత్త ఫోన్ కొని సిమ్ తీసుకున్నప్పుడు షాపు అబ్బాయి రెండుసార్లు వేలు పెట్టించాడు. ఒకటి సిమ్ కోసం, రెండోది ఖాతా కోసం, పథకాల డబ్బు ఇకపై ఇందులోకే రావాలి అనే గడిలో టిక్ కూడా వాడే పెట్టేశాడు.

ఇది చాలామందికి తెలియని సంగతి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయి ఉండటం వేరు, ఆ ఖాతా ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో రాసి ఉండే జాబితాలో ఉండటం వేరు. మీ ఆధార్‌ను ఎన్ని ఖాతాలకైనా లింక్ చేసుకోవచ్చు. మ్యాపర్‌లో మాత్రం ఒక్క బ్యాంకే ఉంటుంది, చివరగా ఏది సీడ్ అయితే అది. సర్కారు డబ్బు ఆధార్ నంబర్ మీద పంపినప్పుడు అది పాస్‌బుక్కును చూడదు, మ్యాపర్‌ను చూస్తుంది. నేను అక్టోబర్‌లో ఆమె పాస్‌బుక్కు చూసి, ఆధార్ లింక్ ఉందని టిక్ పెట్టుకుని ఊరుకున్నాను. మై ఆధార్ సైట్‌లో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఒక బటన్ ఉంటుంది, నొక్కితే ఏ బ్యాంకు ఉందో చూపిస్తుంది, రెండు నిమిషాల పని. ఇప్పుడు నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లకూ అది దరఖాస్తు రోజు ఒకసారి, జాబితా వచ్చాక ఒకసారి చూస్తాను, సిమ్ మార్చావా అని కూడా అడుగుతాను. ఆ 50,000 ఖాతాలో భద్రంగానే ఉంది, ఎవరూ తినలేదు. కానీ 35,000కి మూడు రూపాయల చొప్పున ఐదు నెలలు, 5,250 వడ్డీ. ఆ డబ్బు నేను ఇస్తానంటే తండ్రి తీసుకోలేదు. "నీ తప్పేంది సారూ, ఆ సిమ్ము పోరనిది" అన్నాడు. జరిగిన వరుస చూస్తే తప్పు నాదే.

రెండో ఏడాది నుంచి ఫైలు కుదురుగా నడిచింది. ప్రగతి రెన్యువల్‌కి పై తరగతికి ప్రమోట్ అయినట్టు కాలేజీ హెడ్ సంతకంతో సర్టిఫికెట్ కావాలి, పోర్టల్‌లో ప్రతి ఏడాదీ మళ్లీ పెట్టాలి. అదేదో దానంతటదే వస్తుందని వదిలేసి రెండో ఏడాది పోగొట్టుకున్న అమ్మాయిలను ముగ్గురిని చూశాను. శ్రావణి సిగ్నల్స్ సబ్జెక్టులో ఒకసారి ఫెయిలై చాలా భయపడింది, క్రెడిట్లు సరిపోయి ప్రమోట్ అయింది కాబట్టి ఆగలేదు. ట్యూషన్ ఫీజు ఆమె బ్యాచ్‌కి పెరగలేదు, చేరినప్పటి ఫీజే నాలుగేళ్లూ. కానీ స్పెషల్ ఫీజు అని, ల్యాబ్ అని, పరీక్ష ఫీజు అని అంచుల దగ్గర పెరుగుతూ వచ్చింది, వాటికి ఏ స్కాలర్‌షిప్పూ లేదు. యూనివర్సిటీ ఫీజు పెరగలేదని పేపర్లో చదివితే నేను వెంటనే ఈ చిల్లర పద్దులు చూస్తాను.

"అబ్బాయి అయితే ఏం చేసేవాళ్లు" అని అడుగుతారు. నిజమే, ప్రగతి అబ్బాయిలకు లేదు. వైకల్యం ఉంటే సక్షమ్ అని అంతే మొత్తానికి ఇంకో పథకం ఉంది. బీఏ, బీఎస్సీ, బీటెక్ ఏది చేరినా సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది, ఇంటర్ బోర్డులో 80 పర్సంటైల్ దాటాలి (అంటే పై 20 శాతం మందిలో ఉండాలి), ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు, డిగ్రీలో మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000. అది కూడా రీయింబర్స్‌మెంట్‌తో కలవదు. ఈ దారులేవీ దొరకని ఇంజినీరింగ్ అబ్బాయికి నేను చివరగా విద్యా రుణం చెబుతాను, అడ్తి అప్పు కంటే ముందు. 4 లక్షల వరకు తాకట్టు అడగకూడదు, చదువు అయ్యాక ఏడాది వరకు కిస్తీ మొదలవ్వదు. 2024 నవంబర్‌లో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో జామీను కూడా అక్కర్లేదు, ఏడున్నర లక్షల వరకు 75 శాతం గ్యారంటీ కేంద్రమే ఇస్తుంది, 8 లక్షల లోపు ఆదాయం ఉంటే వడ్డీలో 3 శాతం రాయితీ. కానీ అది ర్యాంకింగ్ జాబితాలోని విద్యాసంస్థలకే, మొదలైనప్పుడు 860, కాబట్టి మీ కాలేజీ అందులో ఉందో లేదో చూడకుండా బ్యాంకు మెట్లు ఎక్కకండి, మేనేజర్ ముందు చూసేది అదే.

ఈ కేసు నడుస్తున్నప్పుడే కాజీపేట దగ్గర నిట్‌లో (కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ సంస్థ) చదివే ఇంకో అబ్బాయి ఫైలు కూడా నా దగ్గర ఉండేది, పోలిక కోసం చెబుతాను. అదీ ప్రభుత్వానిదే, 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పాత ఆర్ఈసీ (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ). 2016లో నిట్‌ల ట్యూషన్ ఫీజు ఏడాదికి 70,000 నుంచి ఒకేసారి 1,25,000 చేశారు, అప్పుడు గొడవ చాలా అయింది. కానీ అదే ఉత్తర్వుల్లో సాయం కూడా కట్టిపెట్టారు: ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, ఇంటి ఆదాయం లక్ష లోపైతే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల లోపైతే మూడింట రెండు వంతులు మాఫీ. ఈ అబ్బాయి కట్టేది 41,667. ఫీజు శ్రావణి దానికంటే చాలా ఎక్కువ, కానీ వీళ్ల నాన్నకు టెన్షన్ తక్కువ. కారణం ఒక్కటే, తగ్గింపు బిల్లులోనే తగ్గిపోయి వస్తుంది. ముందు కట్టు, సర్కారు తర్వాత ఇస్తుంది అనడం లేదు. టోకెన్ లేదు, ట్రెజరీ లేదు. మా రాష్ట్ర యూనివర్సిటీల్లో ఫీజు పెంచేవాళ్లు ఈ రెండో సగాన్ని కూడా కాపీ కొడితే నాలాంటివాళ్ల గదులు సగం మూతపడతాయి, నాకేం బాధ లేదు.

శ్రావణి ఇప్పుడు నాలుగో ఏడాది. మూడేళ్లకు ప్రగతి 1,50,000 వచ్చింది, నాలుగోది రెన్యువల్ అప్రూవ్ అయింది, ఇంకా పడలేదు, ఈసారి మ్యాపర్ చూశాం, గ్రామీణ బ్యాంకే ఉంది. నాలుగేళ్ల ట్యూషన్ 2,80,000లో ఇంటి మీద పడేది 80,000, ఆ 5,250 కాకుండా. కాలేజీకి బాకీ ఏమీ లేదు, రసీదులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వరుసగా పెట్టి తండ్రి బీరువాలో దాచాడు, పట్టా పాసుబుక్కు పక్కన.

ఆమె హాస్టల్ రూమ్‌మేట్ ఒకమ్మాయి, ఒక బ్యాచ్ సీనియర్, ఈపాస్ దారిలోనే చదివింది. పోయిన ఏడాది కోర్సు అయిపోయింది, ఎంటెక్ సీటు వచ్చింది. మూడు, నాలుగో ఏడాది రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి 70,000 కడితేనే టీసీ అంటున్నారట. శ్రావణే నా నంబర్ ఇచ్చింది. రేపు పదింటికి వాళ్ల నాన్నతో వస్తానంది. ఈపాస్ అప్లికేషన్ నంబర్, రెండేళ్ల శాంక్షన్ ప్రింట్లు, కాలేజీ ఇచ్చిన డిమాండ్ కాగితం ఉంటే అది తెమ్మన్నాను. కాగితం ఇవ్వలేదు సర్, నోటితో చెప్పారు అంది. అయితే ముందు అది రాతపూర్వకంగా అడుగుదాం అన్నాను.